అరుగు మీది రాడార్

రక్షణ శాఖ వారు దూరశ్రేణి రాడార్ల మీద పెడుతున్న ఖర్చు చూసి ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువాళ్లం కాస్త నొచ్చుకుంటున్నాం. డబ్బు దండగని కాదు. ఆ పరికరం మా వీధిలో తాతల నాటి నుంచీ పనిచేస్తున్నా పట్టించుకున్న నాథుడు లేడని.

ఈ దూరశ్రేణి రాడార్లలో ఫేజ్డ్ అరే అనే రకం గొప్పతనమంతా తల తిప్పకపోవడంలో ఉంది. క్షిపణుల రాకను కనిపెట్టే అమెరికా వాళ్ల పేవ్ పాజ్ రాడార్‌లో ఒక్కో ముఖాన 1,792 యాంటెన్నాలు పనిచేసేవి. ఒక్కటీ కదలదు. పక్కపక్క యాంటెన్నాలు రవ్వంత తేడాతో సంకేతం వదిలితే చాలు, కిరణం కావలసిన దిక్కుకు మళ్లుతుంది. ముఖానికి 120 డిగ్రీల మేర, దాదాపు 5,500 కిలోమీటర్ల దాకా చూపు. మా వీధి అత్తయ్యలూ అంతే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తరు. పాతపట్నం స్టేషన్‌లో దిగినవాడి ఆటో మలుపు తిరిగేసరికి కబురు చివరి అరుగు చేరిపోతుంది. ‘‘వదినా, సూట్‌కేసు పెద్దదే. వారం దాకా కదలరు.’’ వస్తువు ఎక్కడ దిగుతుందో లెక్కగట్టడం రాడార్ పని కూడా.

పొరపాట్లు ఉంటాయి, కాదనం. 1960 అక్టోబరు 5న గ్రీన్‌లాండ్‌లోని తూలే రాడార్ (అప్పటికింకా పాత రకమే) రష్యా క్షిపణులొస్తున్నాయని గోలపెట్టింది. తీరా చూస్తే ఉదయిస్తున్న చంద్రుడు! చంద్రుణ్ణి తాకి సంకేతం తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. యంత్రం ఆ పాత ప్రతిధ్వనిని తర్వాతి సంకేతానికి అంటగట్టి, శత్రువు దగ్గర్లోనే ఉన్నాడని తేల్చింది. చవితి కాకపోయినా నీలాపనింద పడింది, అదీ అప్పటి రష్యా అధినేత కృశ్చేవ్ మీద. ‘కృశ్చేవ్ ఎక్కడున్నాడు?’ అని ఎవరో అడిగారు. న్యూయార్క్‌లో ఉన్నాడు. తానున్న దేశం మీదికి తనే క్షిపణులు వదలడుగా. బతికిపోయాం.

మా అరుగులదీ అదే జబ్బు. నిరుడు తప్పిపోయిన సంబంధం ప్రతిధ్వని ఈ ఏడు ఊరికే చూసిపోదామని వచ్చిన మేనల్లుడికి తగులుకుంటుంది. కాకపోతే, ‘కృశ్చేవ్ ఎక్కడున్నాడు?’ అని అడిగే పోస్టు మా వీధిలో ఖాళీ.

1995 జనవరి 25న నార్వే వాళ్లు ధ్రువకాంతుల పరిశోధనకు రాకెట్ వదిలారు. రష్యాకు ముందే చెప్పారు కూడా. ఆ కబురు రాడార్ సిబ్బందికి చేరక, అప్పటి రష్యా అధ్యక్షుడు యెల్సిన్ ముందు అణ్వస్త్ర ప్రయోగానికి ఆజ్ఞలిచ్చే బ్రీఫ్‌కేస్ తెరుచుకుంది. ఈ విభాగంలో మాత్రం మమ్మల్ని మించినవారు లేరు. లఖారీ అడవుల నుంచి ఏనుగులు దిగి అరటితోట నమిలేసి వెళ్లాక, కొండవార పల్లెల వాట్సాప్ గ్రూపులో ‘ఏనుగులు రావచ్చు, జాగ్రత్త’ అని మెసేజ్ వస్తుంది, ఆ తోటలోనే తీసిన ఏనుగు ఫొటోతో సహా.