బుల్గకోవ్ నాటకాన్ని గైదాయ్ పాడుచేశాడా? ఏ సీన్లో?

సోవియట్ కామెడీల ప్రస్తావన వస్తే చాలు, ఒక మాట తెగ తిరుగుతుంది: “మిఖాయిల్ బుల్గకోవ్ రాసిన పదునైన నాటకాన్ని లియొనిద్ గైదాయ్ ఉరుకులు పరుగుల సినిమాగా దించేశాడు. కాలం మార్చాడు, పదును తీసేశాడు, చివరికి అంతా కల అని చేతులు దులిపేసుకున్నాడు.” 1973లో వచ్చిన ‘ఇవాన్ వాసిల్యెవిచ్ వృత్తి మార్చుకున్నాడు’ మీద ఆరోపణ ఇది. టైమ్ మెషీన్ వల్ల పాతకాలపు జార్ (రష్యా చక్రవర్తి), మాస్కోలో ఒక బిల్డింగు మేనేజరు తారుమారయ్యే కథ అది.

ముందు కల సంగతి. అది గైదాయ్ కల్పన కాదు. థియేటర్ వాళ్ల ఒత్తిడితో బుల్గకోవే నాటకం రెండో ప్రతిలో చేర్చాడు. చేర్చినా ఫలితం లేదు. 1936 మేలో డ్రెస్ రిహార్సల్ కాగానే నాటకాన్ని ఆపేశారు. ఆయన 1940లో పోతే, అది అచ్చయింది 1965లో. గైదాయ్ చేసిందల్లా మామూలు బతుకును బ్లాక్ అండ్ వైట్‌లో, కలను రంగుల్లో చూపించడం.

కాలం మార్చిన మాట నిజం. 1930ల మాస్కో 1970ల మాస్కో అయింది. దాంతో ఒక మంచి ముక్క పోయింది కూడా. నాటకంలో బిల్డింగు మేనేజరు బున్షాది ప్రిన్సుల వంశం. సోవియట్ పాలనలో ఆ సంగతి బయటపడితే కొంప మునుగుతుందని, తాను బండి తోలేవాడి కొడుకునని చెప్పుకుంటాడు. 1973 నాటికి ఆ భయం పాతబడింది. దాని బదులు, దొంగతనం జరిగిన ఇంటాయన ష్పాక్ పోలీసులకు చెప్పే జాబితా వినండి: టేప్‌రికార్డర్లు మూడు, విదేశీ సినిమా కెమెరాలు మూడు, స్వదేశీ సిగరెట్ కేసులు మూడు, తోలు జాకెట్టు... ఇక్కడ ఒక్క క్షణం ఆగి, “మూడు” అంటాడు. దొంగ మిలస్లావ్‌స్కీ ఎత్తుకెళ్లింది అన్నీ ఒక్కొక్కటే. ఆ పళ్ల డాక్టరు అత్యాశంతా ఆ ఒక్క క్షణం విరామంలో ఉంది.

ఇక పదును. కథకు ఇరుసు ఒక్కటే: జార్ ‘ఇవాన్ ది టెరిబుల్’, బిల్డింగు మేనేజరు ఇద్దరి పేరూ ఇవాన్ వాసిల్యెవిచ్, ఇద్దరిదీ ఒకే ముఖం. టైమ్ మెషీన్ ఇద్దర్నీ తారుమారు చేస్తుంది. రాజు బట్టలు తొడిగితే చాలు, ఇంటద్దెల లెక్కలు చూసుకునేవాడు కూడా సింహాసనం మీద చెల్లిపోతాడు. స్వీడన్ రాయబారి ఒక పరగణా అడిగితే, పోనీ తీసుకోమంటాడు బున్షా. మునుపటి దుబాసీని మరిగే నీళ్లలో వేసి చంపామని గుమాస్తా తాపీగా చెప్తాడు. ఈ పదును నాటకంలోదే, సినిమాలోనూ ఉంది. ద్విపాత్రాభినయం యూరి యాకవ్లెవ్‌ది; మాట వినకుండా నడక మాత్రమే చూసినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

కత్తెర పడిన మాట వాస్తవమే, కాని వేసింది దర్శకుడు కాదు. “ఈ విందు ఖర్చు ఎవరిది?” అని బున్షా అడిగితే మొదట రాసుకున్న జవాబు “ప్రజలది”. అధికారులు ఒప్పుకోలేదు. అది “మనది మాత్రం కాదు” అయింది. నా మటుకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అదే విందులో బల్ల మీద ఎర్ర చేప గుడ్లు, నల్ల చేప గుడ్లు రాశులు పోసి ఉంటాయి. ‘సముద్రాల ఆవలి నుంచి వచ్చిన’ వంకాయ పచ్చడి మాత్రం ఓ చిన్న ముద్ద. సోవియట్ దుకాణంలో చవగ్గా దొరికేది ఆ వంకాయ డబ్బానే, దొరకనివి ఆ చేప గుడ్లు. హాల్లో కూర్చున్న వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ సినిమాను దాదాపు 6 కోట్ల మంది చూశారు.

పరుగులు ఎక్కువయ్యాయన్న దాంట్లో కొంత నిజముంది. సైనికులు వెంటపడే ఘట్టం సగం చాలు. సెకనుకు 24 కంటే తక్కువ ఫ్రేములు తీసి మామూలు వేగంతో ఆడిస్తే వచ్చే ఆ గడబిడ నడక ఒకటి రెండు నిమిషాలు నవ్విస్తుంది, తర్వాత విసుగు. పైగా అది తీసింది మాస్కోలో కాదు, రొస్తోవ్ కోటలో. ఆ కట్టడాలు 17వ శతాబ్దివి; అసలు ఇవాన్ 1584లోనే పోయాడు. తప్పు పట్టాలనుకునేవాళ్లు అక్కడ పట్టొచ్చు.