త్రిభుజంలో ఏడో అంకె

మా వంటింట్లో కాఫీ పొడి పొట్లం వెనుక, భూతద్దం లేనిదే కనబడని చోట, మూడు బాణాల త్రిభుజం ఒకటి కొలువై ఉంది. దాని గర్భగుడిలో 7 అంకె వెలసింది. బాణాలు ఒకదాని వెంట ఒకటి పరుగెడుతున్నాయి కనుక ఈ పొట్లం మళ్లీ పొట్లమై పుడుతుందని, పునర్జన్మ మీద గౌరవమున్న మనిషిగా, నేను నమ్మాను.

1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన ఈ గుర్తు పదార్థం పేరు చెబుతుందే గాని పునర్జన్మకు పూచీ పడదు. 1 అంటే నీళ్ల సీసా చేసే పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్, 7 అంటే ‘ఇతరములు’. దరఖాస్తులో ‘ఇతరములు’ గడిలో పడినవారి గతి పాఠకులకు చెప్పనక్కరలేదు.

అయినా పట్టు విడువక, పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండి వీధిలోకి రాగానే పొట్లంతో ఎదురువెళ్లాను. విరిగిన బకెట్టుకు, సీసాలకు ఆయన తూకం వేసి ఉల్లిగడ్డలు పోశాడు. పొట్లాన్ని మాత్రం చెవి దగ్గర నలిపి, ఆ చప్పుడు విని, "ఇది తూకానికి రాదు సార్" అన్నాడు. త్రిభుజం చూపించాను. బాణాలు లెక్కపెట్టి వినిపించాను. సముద్రాల అవతలి సంఘం సంగతీ చెప్పాను. ఆయన జాలిగా చూసి, ఉల్లిపొట్టు కూడా రాల్చకుండా బండి కదిలించాడు.

తప్పు ఆయనది కాదు. పైన అచ్చుకు పాలియెస్టర్, నడుమ అల్యూమినియం, లోపల పాలిథిన్ పెట్టి, మూడింటినీ జిగురుతో అంటిస్తారు. పాలిథిన్ దాదాపు 110 డిగ్రీలకే కరుగుతుంది, పాలియెస్టర్ 250 దాటితే గాని కదలదు. జాతకాలు కలవని ఈ పెళ్లికి విడాకులిప్పించడం పాత ప్లాస్టిక్ కరిగించే మామూలు కర్మాగారాల వల్ల కాదు.

మన దేశంలో 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, తిరిగి వాడుకోలేని ఇలాంటి బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయమన్నాయి. ఆ గడువు ముగిసే వేళకు, 2018 మార్చిలో, ‘ఇంధనంగా పనికిరానిది, మరో వినియోగం లేనిది’ అన్న మాటలు వచ్చి చేరాయి. సిమెంటు కొలిమిలో వేస్తే ఏది మండదు! పొట్లం పాపం అలా కడుక్కుపోయింది.

ఆ మాటలు చేర్చినవారు ఒక్క ఉదయం డంపింగ్ యార్డుకు వెళ్లి నిలబడాలి. వట్టి చేతులతో కుప్పలు కెలికి సీసాలు ఏరుకునే ఆడవాళ్లు రోజంతా ఈ పొట్లాలనే పక్కకు తోస్తుంటారు. దానికి పైసా రాదు. అమ్మినవాడికి లాభం, కొలిమికి ఇంధనం, ఏరిన మనిషికి తెగిన వేళ్లు. దీన్ని నిబంధన అనడానికి సిగ్గుండాలి!

నిన్న ఉల్లిగడ్డల బండి మళ్లీ వచ్చింది. నా చేతిలో పొట్లం చూడగానే ఆయన మైకు శబ్దం పెంచాడు.