ఒక్క స్లాటే ఉన్నా శబ్దానికి దారి ఉంది

చిన్న పెట్టెలో కంప్యూటర్ అమర్చుకుంటే గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ కార్డు రెండింటిలో ఒకటి వదులుకోక తప్పదని ఈ వ్యాసంలో రాశారు. దాంతో నేను ఏకీభవించలేను. ఇలాంటి పెట్టెల్లో వాడే మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం, దానికి కార్డు గుచ్చే స్లాటు ఒకటే, నిజమే. కానీ శబ్దానికి స్లాటు దేనికి? హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతో పాటే ధ్వనీ వెళ్తుంది. ఇంకా మేలైనది కావాలంటే యూఎస్‌బీకి తగిలించే పరికరం చాలు.

నల్లగొండలో మా అమ్మాయి కోసం నిరుడు ఇలాంటిదే నా చేత్తో బిగించాను. స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే, సగం ఎత్తు గ్రాఫిక్స్ కార్డు ఎంచుకున్నాను. మా ఊరి ఎండలకు ఇరుకు పెట్టెలో అంతకు మించిన వేడి పెట్టడం నాకు ఇష్టం లేదు.

అసలు కష్టం పెట్టె ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రంతో వచ్చింది. దాని తీగ చివర రెండు ప్లగ్గులున్నాయి: ఒకటి ఏసీ97 అనే పాత ఆడియో పద్ధతికి, రెండోది తర్వాత వచ్చిన హెచ్‌డీ ఆడియోకి. బోర్డు మీద పట్టేది రెండోదే. అది గుచ్చే చోట, పది స్థానాల్లో తొమ్మిదింటికే పిన్నులుంటాయి, ఖాళీ స్థానం చూసి దిశ సరిచూసుకోవాలి. నా బోర్డులో ఈ పిన్నులు వెనుక మూలన, గ్రాఫిక్స్ కార్డు కిందికి వస్తాయి. కార్డు ముందుగా బిగించడంతో వేలు కూడా దూరలేదు. మొత్తం విప్పి, తీగను బోర్డు అంచు వెంట పరిచి, ఫ్యాను రెక్కలకు తగలకుండా కట్టి, ఆ తర్వాతే కార్డు పెట్టాను. దయచేసి ఈ వరుసను వ్యాసంలో చేర్చండి. మానిటర్ తీగ బోర్డుకు కాక కార్డుకే తగిలించాలని కూడా.