అవార్డుల వేదిక మీద వెటకారం: పెద్దవాళ్ల మీద వెయ్యండి, సిద్ధమై వెయ్యండి

తెలుగు టీవీలో అవార్డుల పండగ చూస్తే ఒక తీరు ప్రతిసారీ కనిపిస్తుంది. హీరోని పిలిచేటప్పుడు యాంకర్ గొంతు మారిపోతుంది, బిరుదులన్నీ వరుసగా వినిపిస్తాయి. ఆ వెంటనే వచ్చే స్కిట్‌లో మాత్రం కమెడియన్ ఒంటి రంగు మీద, లావు మీద, పెళ్లి కాకపోవడం మీద జోకులు పడతాయి. వాచ్‌మన్ వేషానికో, పనిమనిషి వేషానికో శ్రీకాకుళం యాస తగిలిస్తారు. హాలంతా నవ్వుతుంది. ఆమదాలవలసలోనో, బొబ్బిలిలోనో ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి మాత్రం ఆ నవ్వు గుచ్చుకుంటుంది. కాబట్టి హోస్టుగా వచ్చిన కమెడియన్ సెలబ్రిటీలను ఆటపట్టించవచ్చా అని ఇక్కడి ఉత్తరాంధ్రవాళ్లని అడిగితే, తప్పకుండా ఆటపట్టించాలనే చెప్పాలి. ఆ హాల్లో వెటకారాన్ని తట్టుకునే బలం ఉన్నది వాళ్లకే. ఇన్నాళ్లూ మన వేదికలు ఆ బలం లేనివాళ్ల మీదే దాన్ని ప్రయోగించాయి.

అయితే నోటికొచ్చింది అనేసి ‘ఎడ్జీ కామెడీ’ అని పేరు పెట్టుకుంటే చాలదు. ఈ పని చేసి నెగ్గినవాళ్లనూ, బోర్లా పడినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బ్రిటిష్ కమెడియన్ రికీ జర్వేజ్ అమెరికాలో సినిమాలకీ టీవీకీ ఇచ్చే గోల్డెన్ గ్లోబ్స్ అవార్డులకి ఐదుసార్లు హోస్టు: 2010, 2011, 2012, 2016, 2020. చివరిసారి నటుడు లియొనార్డో డికాప్రియో మీద వేసిన జోకు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన సినిమా నిడివి దాదాపు మూడు గంటలు, ప్రీమియర్ ముగిసేసరికి ఆయన వెంట వచ్చిన అమ్మాయి వయసు ఆయనకి ఎక్కువైపోయిందన్నాడు. డికాప్రియో కూడా నవ్వాడు. ఎదిగిన మనిషి తన ఇష్టంతో చేస్తున్న పని అది, ప్రపంచమంతటికీ తెలిసినది. అదే రాత్రి ఆపిల్ సంస్థ తీసిన సీరీస్ గురించి మాట్లాడుతూ, గౌరవం గురించీ న్యాయంగా నడుచుకోవడం గురించీ చెప్పే ఆ సీరీస్‌ని తీసిన సంస్థ చైనాలో కార్మికులను పీల్చి పిప్పి చేసే కర్మాగారాలు నడుపుతోందన్నాడు. ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ ఆ హాల్లోనే కూర్చుని ఉన్నాడు. వెటకారం పనికొచ్చేది ఇలాంటి చోటే. ఇదే జర్వేజ్ 2011లో నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్ పాత మత్తు వ్యసనాన్ని గుర్తుచేస్తే, డౌనీ వేదికెక్కి ఈ కార్యక్రమం మరీ కర్కశంగా సాగుతోందన్న అర్థం వచ్చేలా అన్నాడు. డౌనీ బాధ న్యాయమైనదే. మనిషి పోరాడి బయటపడిన జబ్బు అతని నేరం కాదు.

అంతకన్నా మంచి ఉదాహరణ 2021లో హోస్టులుగా వచ్చిన కమెడియన్లు టీనా ఫే, ఎమీ పోలర్ చూపించారు. గోల్డెన్ గ్లోబ్స్ ఇచ్చే హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్‌లో 87 మంది సభ్యులుంటే ఒక్కరు కూడా నల్లజాతివారు లేరని లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ వేడుకకి వారం ముందే బయటపెట్టింది. హోస్టులిద్దరూ ఆ మాటని తమకి పనిచ్చినవాళ్ల వేదిక మీదే అన్నారు. ఆ ఏడాది మే నెలలో ఎన్‌బీసీ చానల్ 2022 వేడుకని ప్రసారం చేయబోమని ప్రకటించింది. 2023లో ఆ సంఘమే రద్దయింది. ఇదంతా జోకుల వల్లే జరిగిందనలేం, పత్రిక చేసిన పనే అసలుది. కానీ ఆ రాత్రి హోస్టులు ఊరుకుని ఉంటే వేడుక మొత్తం అబద్ధంలా కనిపించేది.

ఇక దెబ్బతిన్నవాళ్లు. 2024 జనవరి 7న కమెడియన్ జో కోయ్ అదే గోల్డెన్ గ్లోబ్స్‌కి హోస్టు. తయారీకి దొరికిన సమయం తక్కువ. బార్బీ సినిమాని దాని దర్శకురాలి ముందే బొమ్మ ఛాతీ దగ్గరకి దించేశాడు. హాలు నవ్వలేదు. అక్కడితో ఆగి ముందుకి వెళ్లాల్సింది పోయి, పది రోజుల క్రితమే తనని పిలిచారని, నవ్వొచ్చినవి తను రాసినవని వేదిక మీదే చెప్పాడు. తడబడిన హోస్టు రచయితల మీద నెపం వేశాడంటే హాలు మరి తేరుకోదు. మరుసటి ఏడాది నిక్కీ గ్లేజర్ అదే వేదికెక్కి మెప్పు పొందింది. ఆమె జోకులేమీ మెత్తనివి కావు. వాటిని వారాల తరబడి చిన్న క్లబ్బుల్లో చెప్పి, నవ్వు రానివి తీసేసి, వచ్చినవి బిగించుకుని వచ్చింది. ఇద్దరి మధ్యా తేడా ధైర్యంలో లేదు, తయారీలో ఉంది.

2022 మార్చి 27 నాటి ఆస్కార్ సంగతి అందరికీ తెలుసు. కమెడియన్ క్రిస్ రాక్ ఆ రోజు హోస్టు కూడా కాదు, డాక్యుమెంటరీ అవార్డు ఇవ్వడానికి వచ్చాడు. జేడా పింకెట్ స్మిత్ గుండు మీద జోకు వేశాడు. ఆమెకి జుట్టు రాలిపోయే అలోపేసియా ఉంది, 2018లోనే బయటికి చెప్పుకుంది. ఆమె భర్త, నటుడు విల్ స్మిత్ వేదికెక్కి రాక్‌ని చెంపదెబ్బ కొట్టాడు. చేయి చేసుకోవడం తప్పే, పదేళ్ల పాటు ఆస్కార్ వేడుకలకి రాకుండా అకాడమీ నిషేధించింది కూడా. జోకు కట్టిన తీరు కూడా పరిశీలించదగ్గదే. అది ముందు అనుకున్న జోకుల్లో లేదని, రాక్ అప్పటికప్పుడు అన్నదని ఆ కార్యక్రమ నిర్మాత విల్ ప్యాకర్ తర్వాత చెప్పారు. పరీక్షించని జోకు, గురి రోగం మీద, ఆమె పక్కనే భర్త, ప్రపంచమంతా లైవ్. నాలుగూ ఒకేసారి కలిశాయి.

మన దగ్గర ఇలాంటిది కుదరదు, మన సంస్కృతి వేరు అనేవాళ్లున్నారు. విజయనగరంలో నిలబడి ఆ మాట అనడం కష్టం. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. డబ్బుకి పసిపిల్లలను అమ్ముకునే పెద్దమనుషులను, వాళ్ల చుట్టూ తిరిగే ఇంగ్లీషు చదువుల గిరీశాలను ఆ పెద్దమనుషుల ఊళ్లోనే వేదికెక్కించి నవ్వించారు గురజాడ. దానికి ముందు పని జరిగింది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1,034 తేలాయని గురజాడ తొలి కూర్పు పీఠికలో రాశారు. లెక్క తెలిసిన తర్వాత వేసిన వెటకారం అది, అందుకే ఎవరూ కాదనలేకపోయారు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఒకరు, రాజకీయం చెప్పే వంత ఒకరు ఉంటారు. పగటివేషాల పిట్టలదొర కొయ్య తుపాకీ భుజాన వేసుకుని ఊరి పెద్ద గుమ్మంలోనే దొరల డాంబికాన్ని ఎగతాళి చేసేవాడు, చేసి బియ్యం పుచ్చుకుని వెళ్లేవాడు. పెద్దవాళ్లను ఎదురుగా నిలబెట్టి నవ్వడం మన వేదికకి అలవాటే. పోయింది సినిమా అవార్డుల దగ్గరే.

ఎందుకు పోయిందంటే అభిమానుల వల్ల. 2024లో అబుదాబిలో జరిగిన ఐఫా ఉత్సవంలో హోస్టులుగా రానా, తేజ సజ్జ తోటి హీరోల సినిమాల మీద చెణుకులు వేస్తే సోషల్ మీడియాలో అభిమానులు మండిపడ్డారు. ఆడని సినిమాని ఆడలేదని నవ్వితే ఎవరి ఒంటికీ దెబ్బ తగలదు, అది చాలా న్యాయమైన గురి. సినిమా కుటుంబంలో పుట్టిన రానాకే ఇంత వేడి తగిలితే, బయటి నుంచి వచ్చిన స్టాండప్ కుర్రాడికి ఎంత తగులుతుందో ఊహించవచ్చు. అందుకని ఆ వేడిని ముందే లెక్కలోకి తీసుకుని స్క్రిప్టు కట్టుకోవాలి.

పని ఎలా జరగాలో చెప్పుకుందాం. వేదికెక్కగానే హోస్టు చెప్పే మొదటి మాటలు ఎనిమిది నుంచి పది నిమిషాలు దాటకూడదు. నిమిషానికి మూడు జోకుల చొప్పున పాతిక నుంచి ముప్పై కావాలి. అవి మిగలాలంటే కనీసం వంద రాయాలి. ఆరు వారాల ముందు మొదలుపెట్టి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎవరైనా వేదికెక్కి జోకులు చెప్పుకునే ఓపెన్ మైకుల్లో పేర్లతో సహా చెప్పి చూడాలి. స్నేహితుల ముందు చెబితే చాలదు, వాళ్లు మనిషిని చూసి నవ్వుతారు. మూడుసార్లు చెప్పినా నవ్వు రాని జోకుని ఎంత ఇష్టమైనా తీసేయాల్సిందే.

వరుస చాలా ముఖ్యం. మొదటి జోకు నిర్వాహకుల మీద, స్పాన్సర్ మీద పడాలి. తిండి పెట్టినవాడినే అన్నాడంటే మిగతావాళ్లు ఒక మెట్టు దిగి వింటారు. రెండోది హాల్లో అందరికన్నా పెద్ద స్టార్ మీద. ఆయన నవ్వితే ఆ తర్వాతి వరుసలన్నిటికీ అనుమతి దొరికినట్టే. ఒక హీరో మీద వేస్తే ఆయనకి పోటీ అనుకునే హీరో మీద అదే నిమిషంలో మరొకటి పడాలి. శ్రీకాకుళం బాపూజీ కళామందిరం లాంటి హాల్లో వెనక వరుసల్లో అభిమాన సంఘాలు కూర్చుంటాయి. ఒక్కరి మీదే వేసి వదిలేస్తే అది జోకులా కాక పక్షపాతంలా వినిపిస్తుంది, దాని వెనక కులం లెక్కలు కూడా వెతుకుతారు. కొత్తగా నామినేషన్ వచ్చిన చిన్న నటుల జోలికి అసలు పోకూడదు. పదునైనవన్నీ అవార్డులు ఇవ్వడం మొదలవకముందే అయిపోవాలి. గంటన్నర గడిచాక హాల్లో సగం మంది ఓడినవాళ్లే ఉంటారు, అప్పుడు ఎంత మంచి జోకైనా కసిలా తోస్తుంది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది గనక తిరుగుడు కూడా అక్కడే పెట్టుకోవాలి. ‘మన హీరోగారు ఈ సినిమా కోసం ఆరు నెలలు కష్టపడి శ్రీకాకుళం యాస నేర్చుకున్నారు. డబ్బింగ్ రోజుకి మర్చిపోయారు.’ మొదటి వాక్యం పొగడ్తలా సాగుతుంది, రెండోది మూడు మాటల్లో తిప్పేస్తుంది. ‘డబ్బింగ్ రోజుకి ఆయన నేర్చుకున్నదంతా మర్చిపోయినట్టు మనకి సినిమా చూస్తే తెలిసిపోతుంది’ అని సాగదీస్తే మర్చిపోవడం దగ్గరే నవ్వు మొదలై మిగతా వాక్యం కింద నలిగిపోతుంది. ఈ జోకులో గురి ఎటు ఉందో కూడా గమనించండి. యాసని పాడుచేసిన కోట్ల హీరో మీద ఉంది, ఆ యాసలో పుట్టి పెరిగినవాళ్ల మీద లేదు. ఇన్నేళ్లుగా జరిగినదాన్ని తిరగేయడానికి ఇదొక్కటి చాలు.

ఆరుబయట మైదానంలో అయితే ఇంకో చిక్కుంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లకి మాట చేరడానికి సెకనులో మూడో వంతు, వాళ్ల నవ్వు తిరిగి రావడానికి మరో మూడో వంతు. హోస్టు ఆ లోపే తర్వాతి వాక్యం అందుకుంటే తన నవ్వుని తనే తొక్కేసినట్టు. పైగా పైకప్పు లేనిచోట నవ్వు గాల్లో కలిసిపోతుంది. జోకు పేలలేదనుకుని కంగారుపడి గొంతు పెంచేస్తారు, అక్కడి నుంచి వెటకారం కాస్తా తిట్టులా మారుతుంది. జనం మధ్యలో రెండు మైకులు పెట్టి ఆ నవ్వుని హోస్టుకి వినిపించే మానిటర్ స్పీకర్‌లోకి పంపిస్తే ఈ కంగారు ఉండదు.

కెమెరా వాళ్లకి సీటింగ్ చార్టు, జోకుల వరుస ముందే ఇవ్వాలి. ఎవరి మీద జోకు పడుతుందో వాళ్ల ముఖం సెకనులో తెర మీదకి రావాలి. వాళ్లు నవ్వడం చూస్తేనే ఇంట్లోవాళ్లు ధైర్యంగా నవ్వుతారు. ఆ మనిషి ఆ రోజు రాకపోతే జోకు తీసేయాలి, ఖాళీ కుర్చీని వెక్కిరిస్తే చాటుగా అన్నట్టుంటుంది. మేనేజర్లకి జోకు చెప్పకూడదు, విషయం మాత్రం చెప్పాలి. ‘సార్ రెమ్యూనరేషన్ గురించి ఒకటి ఉంటుంది’ అంటే చాలు. ముట్టుకోకూడని సంగతులేమైనా ఉన్నాయా అని అడిగి మూడింటి వరకు ఒప్పుకోవాలి. నాలుగోది అడిగితే ఆ స్టార్‌ని పూర్తిగా వదిలేయడమే మేలు.

గురి పెట్టదగ్గవి చాలానే ఉన్నాయి. పారితోషికం, ఇరవై ఏళ్లు చిన్నదైన హీరోయిన్, వారసత్వం, రీమేకులు, పాన్ మసాలా ప్రకటనలు, టికెట్ రేటు పెంచమని ప్రభుత్వాల చుట్టూ తిరగడం. ఇవన్నీ వాళ్లు ఎంచుకున్నవి. ఒళ్లు, రోగం, పిల్లలు, పోయినవాళ్లు, కులం, యాస ఎవరూ ఎంచుకున్నవి కావు. స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. హీరోయిన్ గురించి రాసిన జోకులో ఆమె పేరు తీసి హీరో పేరు పెట్టి చదవాలి. అర్థం లేకుండా పోతే ఆ జోకు ఆమె పని మీద వేసింది కాదని తెలుస్తుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువునష్టానికి 356వ సెక్షన్, రెండేళ్ల దాకా సాధారణ జైలు. స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకి 79వ సెక్షన్, మూడేళ్ల దాకా. 2014 డిసెంబరులో ముంబైలో ఏఐబీ అనే కామెడీ బృందం పెట్టిన రోస్ట్‌లో, అంటే వచ్చినవాళ్లని వేదిక మీదే ఎగతాళి చేసే కార్యక్రమంలో, పాల్గొన్న తారలంతా ఇష్టపడే వచ్చారు, అయినా కేసులు పడ్డాయి, వీడియో తీసేశారు. 2025లో వికలాంగుల మీద జోకులు వేసిన కమెడియన్లను సుప్రీంకోర్టు క్షమాపణ చెప్పమంది. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో ఎదుటివాళ్ల ఒప్పుకోలు ఉంది, నాకు ఆ కేసులు అన్యాయంగానే తోస్తాయి. రెండోదాంట్లో గురే తప్పు.

మన వేడుకలు చాలావరకు రికార్డు చేసి, కొన్నాళ్లకి ప్రసారం చేస్తారు. అసలు ముప్పు ఎడిటింగ్ గదిలో ఉంది. ఎప్పుడో ముఖం చిట్లించిన స్టార్ షాట్ తెచ్చి జోకు పక్కన అతికిస్తారు. పదిహేను సెకన్ల ప్రోమోలో మొదటి వాక్యం కోసేసి చివరిది మాత్రమే వదులుతారు. గొడవంతా ఆ ప్రోమోతోనే మొదలవుతుంది. హోస్టుగా సంతకం పెట్టేవాళ్లు ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోవాలి. జోకు వేస్తే పూర్తిగా వేయాలి, లేదా పూర్తిగా తీసేయాలి. ఆ క్షణంలో తీసిన ముఖమే చూపించాలి. ప్రోమో బయటికి వెళ్లే ముందు హోస్టుకి చూపించాలి. స్కిట్లకి వేరే రచయితలు ఉంటే ఆ స్క్రిప్టులు కూడా రెండు రోజుల ముందే చేతికి రావాలని నాలుగోది రాయించుకుంటే, వాచ్‌మన్‌కి తగిలించిన యాసని కొట్టేయడానికి సమయం దొరుకుతుంది.