చివరి జమ ఏది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత అంటే అప్పే. బస్తాలు ముందు చెరువుకి పోతాయి, డబ్బులు పట్టుబడి తర్వాత వస్తాయి, అదీ కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, బాగుంటే. కిలోకి 30 తూగితే రైతు కొట్టుకొచ్చి అందరికీ టీ చెప్తాడు. 100 తూగితే ఫోనెత్తడు.

అందుకే మేత కొట్టు మామ కంప్యూటర్ పెట్టించాడు. రైతుల పేర్లు ఒక టేబుల్, వాళ్ళు కట్టిన జమలు ఇంకో టేబుల్. బీటెక్ మేనల్లుడు రెండూ కలిపి ప్రతి రైతుకీ మెసేజ్ పంపాలి: "మీరు చివరగా ఫలానా తేదీన ఇంత కట్టారు. మిగతాది కట్టగలరు."

వాడు రెండు టేబుళ్ళనీ జతచేసే మామూలు జాయిన్ పెట్టాడు. జాయిన్‌కి చివరిదేదో పట్టదు, ఎన్ని జమలుంటే అన్ని వరసలు ఇస్తుంది. బుద్ధిగా విడతలుగా కట్టిన పెద్దాయనకి విడతకో మెసేజ్ పోయింది. తెల్లారేసరికి కొట్టు ముందున్నాడు.

"ఏందబ్బయ్యా, కట్టేవాణ్ణేనా పీడించేది?"

ఈసారి రైతుకో గుంపు చేసే గ్రూప్ బై పెట్టి, తేదీకి మ్యాక్స్ తగిలించాడు. మ్యాక్స్ కొత్త తేదీని తెస్తుంది గానీ ఆ రోజు కట్టిన డబ్బుని వెంటబెట్టుకు రాదు. ఈ టేబుళ్ళుండే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 5.7 అయితే ఇలాంటి ప్రశ్నని మామూలుగా ఒప్పుకోదు. కొట్లోది అంతకంటే పాతది, ఏ వరసలో డబ్బు కనిపిస్తే అది చూపించింది. మొన్న యాభై వేలు కట్టినాయనకి రెండు వేలే కట్టారని పోయింది. ఆ కేకలు బస్టాండు దాకా వినిపించాయి.

మైఎస్‌క్యూఎల్ 8.0 వేసుకుని రో నంబర్ పద్ధతికొచ్చాడు. జమల్ని రైతువారీగా విడగొట్టి, కొత్త తేదీ ముందుండేలా నంబర్లేసి, ఒకటో నంబరుదే ఉంచుకోవడం.

"ఒకేరోజు రెండుసార్లు కడితేనో?" అన్నాడు మామ. "పొద్దున కొంత ఇచ్చి, ఇంట్లో తిట్లు తిని సాయంత్రం ఇంకొంత తెచ్చేవాళ్ళున్నారురా మనకి."

మంచి ప్రశ్న. తేదీ తర్వాత, జమ వరస నంబరైన ఐడీ పెద్దది ముందు అని కూడా చేర్చాడు.

మామ లిస్టు మీద వేలుపెట్టి చదివాడు. "మా తోడల్లుడి పేరేదిరా?"

లేదు. ఒక్క రూపాయీ కట్టనివాళ్ళెవరూ లిస్టులో లేరు. జమే లేనివాళ్ళని ఆ మామూలు జాయిన్, అంటే ఇన్నర్ జాయిన్, ఇవతలికి రానివ్వదు. అసలు మెసేజ్ పోవాల్సింది వాళ్ళకే! దాన్ని, జమ లేకున్నా పేరుంచి జమ చోట నల్, అంటే ఖాళీ, పెట్టే లెఫ్ట్ జాయిన్ చేసి, నంబరు షరతుని చివర్లో వడపోసే వేర్‌లోంచి జతచేసే ఆన్‌లోకి మార్చి పంపేశాడు.

మర్నాడు తోడల్లుడు స్వయంగా వచ్చాడు, ఫోను చాపి పట్టుకుని.

"మీరు చివరగా నల్ తేదీన నల్ రూపాయలు కట్టారు."

"కట్టానని నువ్వే రాసి పంపావు గదన్నా," అన్నాడు. "రసీదు ఇప్పించు."