కల్నల్ గారిని తుక్కు కింద రాసెయ్యరేం?

మా వీధి చివరింటి కల్నల్ గారికి మొన్న ఆగస్టులో తొంభై నిండాయి. ఆ నెల నుంచే కేంద్ర ప్రభుత్వం ఆయనకి మూల పింఛను మీద ఇచ్చే 30 శాతం అదనాన్ని 40 చేసింది. ఆయన కొత్తగా చేసిన ఘనకార్యం ఏమీ లేదు. పోలేదు, అంతే.

నెలనెలా జీతంలోంచి టీడీఎస్ కోయించుకునే పౌరుణ్ణి కాబట్టి, నా ఆందోళన నలుగురి ముందూ పెట్టడం బాధ్యతగా భావిస్తున్నాను. ఆరో వేతన సంఘం పుణ్యమా అని 2006 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. 80 ఏళ్లకి 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూరు శాతం. ఆ చివరి మెట్టు చూశారా? తొంభై తొమ్మిదో ఏట సగమే అదనం, ఇంకొక్క ఏడాది ఓపిక పడితే పింఛను రెట్టింపు. బుద్ధున్నవాడెవడైనా తొంభై తొమ్మిదిలో పోతాడా? కవిత్వం రాసుకునేవాడైతే పోతాడేమో. ఈయన మెకానికల్ ఇంజినీరు.

లెక్క చూడండి. 1963లో సైన్యంలో చేరారు, 1987లో లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయారు. కొలువు 24 ఏళ్లు. పింఛను ఇప్పటికే 38 ఏళ్లు దాటింది, ఇంకా నడుస్తోంది. ఇరవై నాలుగేళ్లు పని చేయించుకున్న పాపానికి ఇంత వడ్డీ ఏ మార్వాడీ కొట్లోనూ ఉండదు.

ఆయనది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ కుర్రాళ్లని సైన్యానికి పంపి ‘మిలట్రీ మాధవరం’ అని పేరు తెచ్చుకుంది. కల్నల్ గారిది ఆ ఊరు కాదు, రెండూళ్లు అవతల. అయినా ఎవరు పరిచయం చేసినా ‘మాధవరం వారండీ’ అనే అంటారు. మొదట్లో ఆయన దిద్దేవారట. 1971 తర్వాత మానేశారు.

కాకినాడ ఇంజినీరింగు కాలేజీలో, అంటే ఇప్పటి జేఎన్‌టీయూలో, మెకానికల్ చదివారు. 1957లో పట్టా పుచ్చుకుని ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర చెమటోడుస్తుండగా 1962 అక్టోబరులో చైనా వచ్చి పడింది. ఆఫీసర్లు చాలక సైన్యం ఎమర్జెన్సీ కమిషన్ పేరుతో పిలిచింది, ఈయన వెళ్లారు. వాళ్లమ్మగారికి మిలట్రీ అంటే తెలిసింది తణుకులో మిలట్రీ హోటలొక్కటే. పిల్లాడు అక్కడేం తింటాడోనని వారం రోజులు ఏడ్చిందట. చైనా గురించి ఆవిడకి పెద్ద దిగులు లేదు.

1965 సెప్టెంబరులో పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊరి చేలల్లో పెద్ద ట్యాంకుల యుద్ధం జరిగింది. పొలాల్లోకి నీళ్లు వదిలి మనవాళ్లు పాటన్ ట్యాంకుల్ని బురదలోకి దింపారు. పాకిస్తాన్ 90కి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. ఏటా ఆగస్టు 15న మా అపార్ట్‌మెంటు పిల్లలు ‘తాతా, నువ్వెన్ని ట్యాంకులు పేల్చావు?’ అని అడుగుతారు. ఆయనిచ్చే జవాబు దేశభక్తికి బొత్తిగా పనికిరాదు.

‘పేల్చినవాళ్లు వేరేరా. నేను బురదలోంచి లాగాను.’

మనవీ లాగారట, వాళ్లవీ లాగారట. వించి, ఇనుప తాడు, మోకాళ్ల లోతు బురద, నిద్రలేని రాత్రులు. ఒక ట్రాకు పిన్ను ఊడగొట్టడానికి ఆరుగురు సమ్మెట మార్చుకుంటూ ఎంతసేపు కొట్టారో ఆయన చెప్పడం మొదలెట్టేసరికి పిల్లలు లడ్డూల బల్ల వైపు వెళ్లిపోతారు.

సైన్యం బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఆయన విభాగం పేరు ఈఎంఈ. 1943 అక్టోబరు 15న పుట్టినప్పుడు ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్. వాళ్ల కాలేజీ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే ఉంది, అక్కడ పాఠాలు చెప్పాకే ఆయన సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ల నినాదం ‘కర్మ్ హీ ధర్మ్’. వీధిలో మిగతావాళ్లం ఈఎంఐ. ఆయనకి ఏడాదికోసారి అక్టోబరు 15న పండగ, కోటుకి పతకాలు తగిలించుకుని బయల్దేరతారు. మా పండగ ప్రతి నెలా ఐదో తారీకు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేనూ మెకానికలే. డిస్టింక్షన్‌లో పాసయ్యాను, ఆ మర్నాటి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మా క్లాసు అరవై మందిలో పానా పట్టుకున్నవాడు ఒక్కడే, వాడూ బుల్లెట్ బండి పక్కన నిలబడి రీలు చేసుకోడానికి.

మొన్న దసరాకి మా మిక్సీ ఆగిపోయింది. రిపేరు షాపు కుర్రాడు మూతైనా విప్పకుండా ‘మోటారు పోయింది సార్, దీనికి పెట్టే బదులు కొత్తదే నయం, ఎక్స్ఛేంజిలో నాలుగు వేలకొస్తది’ అన్నాడు. సరే అని చంకలో పెట్టుకుని తిరిగొస్తుంటే గేటు దగ్గర కల్నల్ గారు ఆపారు. వరండాలో పాత పేపరు పరిచి మిక్సీని బోర్లించారు. నాలుగు మరలు విప్పి, విప్పిన వరసలోనే ఒక సబ్బుపెట్టె మూతలో పేర్చారు. లోపల మోటారుకి అటొకటి ఇటొకటి చిన్న నల్ల దిమ్మలు. కార్బన్ బ్రష్షులట. అరిగి అరిగి అగ్గిపుల్ల తలంత మిగిలాయి.

‘పెన్సిలు అరిగిపోతే రాసేవాడు పోయాడంటావుటయ్యా?’ అన్నారు.

రాణిగంజ్‌లో కొత్త బ్రష్షులు జత 60 రూపాయలు. మర్నాడు వాటిని కూర్చోబెట్టి, ‘మరలు నువ్వే బిగించు, నీదీ మెకానికలేగా’ అని స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. తిప్పాను. కాసేపు చూసి, ‘అటు విప్పడం’ అన్నారు.

అలా నాలుగు వేల రూపాయల అమ్మకం ఒకటి ఆగిపోయింది. దాని మీద రావలసిన జీఎస్టీ ఆగిపోయింది. వీధిలో ఇలాంటివి ఏడాదికెన్నో! ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్ల మోటార్లు, ఎదురింటి వాళ్ల వీల్‌చైరు. ఒక మనిషి ఇంతకాలం బతికుండి, అదీ చేతులూరుకోకుండా బతికుంటే, దేశంలో వస్తువులు చచ్చేదెలా? కొత్తవి అమ్ముడుపోయేదెలా? ఆయన నన్నొక్క రూపాయి అడగలేదు కాబట్టి జీడీపీకి అదీ రాలేదు.

ఆ వరండాలోనే ఆయన నోట బి.ఇ.ఆర్. అన్న మాట విన్నాను. బియాండ్ ఎకనామిక్ రిపేర్. బండి విలువతో పోలిస్తే మరమ్మతు గిట్టదని తేలితే ఆ ముద్ర కొట్టి తుక్కు కింద రాసేస్తారట. దానికి ముందు మెట్టు బి.ఎల్.ఆర్., అంటే ఇక్కడ కాదు, పై వర్క్‌షాపుకి పంపాలని. ‘బి.ఇ.ఆర్. అనడానికి ఒక సంతకం చాలు. కాదనాలంటేనే ఒళ్లు వంచాలి’ అని ఆయన అన్నారు. రెండో వాక్యాన్ని నేను పట్టించుకోలేదు. మొదటిది మాత్రం మనసుకి హత్తుకుంది.

ట్రక్కులకీ ట్యాంకులకీ ఉన్న ఈ సదుపాయం వాటిని లాగినవాళ్లకి ఎందుకు లేదు? ఖర్చు చూడండి. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్‌లో ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం పెట్టారు. దాని కింద ఈయనకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను, గుండెకి ఒక స్టెంటు. మోకాలి చిప్ప మార్చాలన్న డాక్టరుని ‘ప్లే ఎంతుంది?’ అని అడిగారు. ఆయన తెల్లమొహం వేశాడు. ‘అదేనండీ, కీలు ఎన్ని మిల్లీమీటర్లు వదులైందని.’ అప్పటి నుంచి ఆ డాక్టరు ఈయన ఫైలుని జూనియర్లకి తోసేస్తున్నాడు.

ఫియట్ సంగతి వేరే చెప్పాలి. 1979లో కొన్న ప్రీమియర్ పద్మిని, ఇప్పటికీ షెడ్డులోంచి మొదటి తాళానికే బయటికొస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషను మళ్లీ చేయించే రుసుము 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. తర్వాత మరీ పాతవాటికి ఇంకా పెంచారు. పాత బండిని ఉంచుకునేవాడికి సిగ్గు రావాలని. అయినా ఒక సౌలభ్యం ఉంది. ఒకసారి చేయిస్తే ఐదేళ్లు చూడక్కర్లేదు. కల్నల్ గారికి ఆ సౌలభ్యం లేదు. తాను నడుస్తున్నట్టు ఏటా నవంబరులో రుజువు చూపించాలి.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చుందని నేననను. ఆలస్యమంత చవకైన పొదుపు లేదని దానికి తెలుసు. ఒకే ర్యాంకు, ఒకే పింఛను కావాలని మాజీ సైనికులు దశాబ్దాలు అడిగారు. 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్లకోసారి సవరిస్తామన్నారు. 2019 జూలై నుంచి రావలసిన సవరణకి 2022 డిసెంబరులో ఆమోదం దొరికింది. బకాయిల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023 మార్చిలో కోర్టు తేదీలు వేసి చెప్పవలసి వచ్చింది, డెబ్బై దాటినవాళ్లకి జూన్ 30 లోగా ఇచ్చెయ్యమని. ఇన్ని వాయిదాల్లో ఎందరు ఖజానాకి మేలు చేసి వెళ్లిపోయారో! ఈయన మాత్రం పాస్‌బుక్కు పట్టుకుని ఆగారు. బురదలో వించి తిప్పినవాడికి, కదిలేదాకా ఆగడం ఒకళ్లు నేర్పాలా?

అసలు మందు 2022 జూన్ 14న కనిపెట్టారు. అగ్నిపథ్. ఆఫీసర్లకి కాదు, జవాన్లకి. నాలుగేళ్ల కొలువు, నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లని 11.71 లక్షల సేవానిధి చేతిలో పెట్టి సాగనంపుతారు. పింఛను లేదు. ఇక ఆ కుర్రాళ్లు నూరేళ్లు బతకనీ, నూటిరవై బతకనీ, ఖజానాకి చీమ కుట్టినట్టుండదు. ఏ నవంబరులోనూ వాళ్లు బతికున్నారా అని అడిగేవాడుండడు. ఇదే పథకం 1963లో, ఆఫీసర్లకీ కలిపి వచ్చుంటే, అసల్ ఉత్తర్ నుంచి కల్నల్ గారు 1967కల్లా చక్కెర ఫ్యాక్టరీకి చేరేవారు, నేను ఈ వ్యాసం రాసే బాధ తప్పేది.

నవంబరు అన్నాను కదా. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఈయన ఇవ్వరు. ‘ముందే పరిగెడితే భయపడ్డాడనుకుంటారు’ అని నవంబరు మొదటి సోమవారమే వెళ్తారు. ఈసారి నన్ను డ్రైవరుగా పెట్టుకున్నారు. ఫియట్ గేరు స్టీరింగు పక్కన ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

డిజిటల్ పద్ధతి 2014లో వచ్చింది. సేవా కేంద్రంలో అమ్మాయి వేలిముద్రల మిషను ముందుకి జరిపింది. బొటనవేలు పెట్టారు. ఎర్ర లైటు. చూపుడు వేలు. ఎర్ర లైటు.

‘మీరు వస్తలేరు సార్’ అంది.

‘వచ్చానుగా అమ్మా, ఫియట్‌లో.’

పది వేళ్లూ అయ్యాయి. ఆయన బొటనవేలు దగ్గరగా చూశాను. గీతలు లేవు. అరిగిపోయిన పాత రూపాయి బిళ్లలా నున్నగా ఉంది. కిరసనాయిలు, గ్రీజు, ఉప్పు కాగితం, అరవై ఏళ్లకి పైగా. ఆయన మిషను చేతిలోకి తీసుకుని తిరగేశారు. వైరు వదులుగా ఉంది. గాజు మీద పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ల జిడ్డు. శానిటైజరు అడిగి, జేబురుమాలు చివర తడిపి, గాజుని గుండ్రంగా కాక ఒకే వైపుకి మూడుసార్లు తుడిచి, వైరు గట్టిగా నొక్కి ఇచ్చారు. ‘ముందు వాళ్లని కానియ్యి’ అన్నారు.

వెనక తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందికీ మొదటి దెబ్బకే పచ్చ లైటు. మళ్లీ ఈయన పెట్టారు. ఎర్రది. మిషను బాగైంది, అందులో తొమ్మిదిమంది బతికారు, బాగుచేసినాయన మాత్రం బతకలేదు.

‘ఫోన్ల ముఖం చూపెట్టినా అయితది సార్’ అంది అమ్మాయి. 2021 నుంచి ఆ వీలూ ఉంది. ఆయన లేచి నిలబడ్డారు. భుజాలు వెనక్కి, చూపు ఫోను మీద, పరేడులో ఉన్నట్టు.

‘కండ్లు ఆర్పండి సార్.’

ఆర్పలేదు. ‘అటెన్షన్‌లో ఆర్పకూడదమ్మా.’

‘ఆర్పితేనే బతికున్నట్టు తెలుస్తది సార్ దానికి.’

‘మా ఫియట్ ఇండికేటరు కూడా ఆర్పుతుంది’ అని గొణిగి, ఒక్కసారి రెప్ప వేశారు.

‘వచ్చిండ్రు సార్!’ అని ఆ అమ్మాయి అరిచింది. కాగితం చేతికిచ్చింది.

కారెక్కాక ఆయన ఆ కాగితం మడిచి డ్యాష్‌బోర్డు అరలో, ఆర్సీ పక్కన పెట్టారు. తీసి చూశాను. కాగితం వచ్చే నవంబరు దాకా చెల్లుతుంది, ఆర్సీ 2029 దాకా.

‘పోనియ్యి’ అన్నారు. గేరు వేశాను.

‘అటు రివర్సు’ అన్నారు.