కంబోడియాలో మనుషులు కూడా ఉన్నారు

పోయిన ఆదివారం బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లాం. ఈమధ్యే కంబోడియా చూసి వచ్చిన దంపతులు కూడా అక్కడికి వచ్చారు. భోజనాలయ్యాక ఫోను నా చేతికిచ్చి ఫోటోలు చూడమన్నారు. నాలుగు రోజుల ప్రయాణం, మూడువందల పైచిలుకు ఫోటోలు. కోనేటి నీళ్లలో అంగ్‌కోర్ వాట్ శిఖరాల నీడ, తా ప్రోమ్ గుడిలో గోడను పట్టేసుకున్న చెట్టువేళ్లు, బయన్ గుడిలో రాతి ముఖాలు. ఒకటొకటిగా చివరిదాకా చూశాను. ఒక్క ఖ్మేర్ మనిషి, అంటే ఆ దేశపు మనిషి, లేడు. ఫోటోకు అడ్డం వచ్చినవాళ్లను చెరిపేసే సౌకర్యం ఫోనులో ఉందట, చెరిపేశారట.

ఫోను తిరిగి ఇస్తుంటే ఆయన అన్నారు: "అక్కడంతా మన సంస్కృతేనండీ. మనవాళ్లు కట్టిందే."

అన్నం పెట్టినవాళ్లు ఇంకా చేతులు కడుక్కోలేదు, ఆ ఇంట్లో వాదన ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ మాట అప్పటినుంచి గుచ్చుకుంటూనే ఉంది.

అంగ్‌కోర్ వాట్‌ను మనవాళ్లు కట్టలేదు. 12వ శతాబ్దం తొలి సగంలో రెండవ సూర్యవర్మ కట్టించాడు. ఆయన ఖ్మేర్ రాజు. కూలెన్ కొండల దగ్గర ఇసుకరాయి తొలిచి, అక్కడినుంచి చేరవేసి, చెక్కినవాళ్లు ఆ నేల మీది జనం. విష్ణువు పేరు, సంస్కృతం, సముద్రమథనం కథ మన వైపు నుంచి వెళ్లిన మాట నిజమే. ఆ కథను 49 మీటర్ల గోడ నిండా చెక్కిన చేయి మాత్రం వాళ్లది. మన విత్తనం పక్క ఊరి పొలంలో పడి మొలిస్తే, దున్నినవాణ్ణి పక్కకు తోసి పంట మనదంటామా?

రెండో సంగతి కూడా ఉంది. ఉద్యోగాల ఆశతో వెళ్లి అక్కడి సైబర్ మోసాల ముఠాల చేతికి చిక్కిన మన పిల్లల వార్తలు 2024లో విశాఖపట్నం నుంచి వరుసగా వచ్చాయి. అప్పటినుంచి కంబోడియా అనగానే "అమ్మో, అక్కడికా" అంటున్నారు. ఆ ముఠాలు ఉన్నమాట నిజం, ఆ పిల్లలు పడ్డ నరకమూ నిజం. దాంతో ఆ దేశం మన దగ్గర రెండు ముక్కలుగా మిగిలింది. ఒకటి గుడి, రెండోది మోసం. ఆ రెంటికీ నడుమ దాదాపు కోటీ డెబ్బై లక్షల మంది బతుకుతున్నారన్న ధ్యాస మనకు లేదు.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అందరిలాగే గుళ్లు చూసి వచ్చేశాను. రెండోసారి పద్దెనిమిది రోజులు ఉన్నాను, అందులో అంగ్‌కోర్ టికెట్ కొన్నది ఒక్క రోజుకే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అంగ్‌కోర్ వాట్ నుంచే మొదలుపెడతాను. పడమటి ద్వార గోపురంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి విగ్రహం ఉంది, మూడు మీటర్లకు పైగా ఎత్తు. సూర్యోదయం ఫోటో కోసం పరుగెత్తే జనం దాన్ని పక్కనుంచే దాటిపోతారు. అక్కడివాళ్లు మాత్రం ఆగుతారు. కాషాయ వస్త్రం కప్పి, తామర మొగ్గలు పెట్టి, అగరువత్తులు వెలిగించి మోకరిల్లుతారు. వాళ్లు ఆయన్ను విష్ణువు అని పిలవరు, 'తా రీచ్' అంటారు. రీచ్ అంటే రాజు. తా అంటే తాత. అచ్చంగా మన తాతే.

బౌద్ధం పాటించే ఆ జనానికి ఆయన ఒక 'నేక్ తా', అంటే ఆ చోటును కాపాడే పెద్ద. ఊరూరా ఇలాంటి నేక్ తా ఉంటాడు. చెట్టు కింద చిన్న గుడిసె, లోపల ఒక రాయో పాత విగ్రహం ముక్కో, ముందు బూడిద నిండిన అగరువత్తుల డబ్బా, రెండు అరటిపళ్లు. రాజధాని ఫ్నోమ్ పెన్ నుంచి సముద్రం వైపు పోయే దారిలో పిచ్ నిల్ కనుమ దగ్గర 'యాయ్ మౌ' అనే అమ్మమ్మ గుడి ఉంటే, డ్రైవర్లు బండి ఆపి మొక్కి, అరటిపళ్లు పెట్టి గానీ కదలరు. మన పొలిమేర పోలేరమ్మను, పోతురాజును ఎరిగినవాడికి ఇది విడమరచి చెప్పాలా? మన సంస్కృతి కోసం వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు శాసనాల్లో, శిఖరాల్లో వెతికారు. అంతకన్నా దగ్గరి చుట్టరికం రోడ్డు పక్క చెట్టు కింద ఉంది.

భాషలోనూ అంతే. బడి 'సాలా', గురువు 'క్రూ', ఫోను 'తూరసాప్'. అది మన దూరశబ్దమే. కారును 'రథయోన్' అంటారు, రథయంత్రం. వాళ్ల లిపి కూడా మన లిపిలాగే దక్షిణ బ్రాహ్మి సంతానం, చాలా అక్షరాల నెత్తిన మన తలకట్టు లాంటి గీత ఉంటుంది. దాన్ని వాళ్లు 'సక్' అంటారు, జుట్టు అని అర్థం. తేదీ తెలిసిన ఖ్మేర్ శాసనాల్లో పాతది అంగ్‌కోర్ బోరైలో దొరికింది, క్రీ.శ. 611 నాటిది. మన తెలుగులో తొలి శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది. ఇంచుమించు ఒకే కాలంలో రెండు భాషలూ రాతికెక్కాయి. అన్నదమ్ముల పిల్లల్లాంటి లిపులు ఇవి. అందులో ఒకరు రెండోవారి ఇంటికి వెళ్లి ఇల్లంతా నాదే అనడం మర్యాద కాదు.

బయన్ గుడికి వెళ్లినవాళ్లు పైకి చూసి ముఖాలు ఫోటో తీసుకుంటారు. కింద బయటి మండపం గోడలు చూడండి. అక్కడ దేవుళ్లకన్నా సంత ఎక్కువ. చేపలు అమ్మే ఆడవాళ్లు, కోడిపందెం, పొయ్యి మీద అన్నం కుండ, పురుడు పోస్తున్న మంత్రసాని, ఎద్దుబండి. 1296లో వచ్చి ఏడాది దగ్గర ఉన్న చైనా రాయబారి జౌ దగువాన్ కూడా ఇక్కడ వ్యాపారమంతా ఆడవాళ్లదేనని రాసుకున్నాడు. ఇవాళ ఏ చిన్న పట్నం సంతకు వెళ్లినా త్రాసు పట్టుకుని కూర్చున్నది ఆడమనిషే. గోడ మీద చూడటానికి టికెట్టుంది. ఒక్క రోజుకు 37 డాలర్లు. సంతలో చూడటానికి టికెట్టు అక్కర్లేదు.

బాంతే స్రే గుడికి పోయే దారిలో ప్రియా దాక్ అనే ఊరుంది. పర్యాటకుల బండ్లు ఆ ఊరి మీదుగా దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోతాయి. నేను ఆ ఊళ్లో ఒక పూటంతా ఉండిపోయాను. కారణం తాటిచెట్లు. అక్కడ పొలం గట్ల మీద ఎటు చూసినా అవే, ఆ దేశపు జాతీయ వృక్షం కూడా తాడే. గీత పని చూస్తుంటే మా తాతగారి ఊరే కళ్ల ముందుకొచ్చింది. మనవాళ్లు మోకు వేసుకుని ఎక్కుతారు. అక్కడ కణుపుల దగ్గర కొమ్మలు కొంచెం కొంచెం వదిలేసిన పొడవాటి వెదురు బొంగును చెట్టుకు నిలువునా కట్టి, వాటినే మెట్లు చేసుకుని ఎక్కుతారు. గెలను చెక్క పట్టకారుతో రోజుల తరబడి మెత్తగా నొక్కి, కొస చెక్కి, వెదురు గొట్టం తగిలిస్తారు. నీరు పులవకుండా మన దగ్గర కుండలో సున్నం రాస్తారు, అక్కడ ఒక చెట్టు బెరడు ముక్కలు వేస్తారు.

ఇంటి ముందు మట్టిపొయ్యి మీద పెద్ద బాణలి, అందులో మరుగుతున్న తాటినీరు. నలభై ఏళ్లావిడ చెక్క తెడ్డుతో కలుపుతూనే ఉంది. మొదట తెల్లటి నురగ, తర్వాత తేనె రంగు, ఆపై తెడ్డుకు అంటుకునే పాకం. దించాక కూడా రాపిడి ఆపలేదు. తాటాకు చీలికలతో కట్టిన చిన్న చిన్న వలయాల్లో పోసింది. చల్లారాక బిళ్లలు. వాటిని తాటాకు గొట్టంలో పేర్చి కట్టింది. ఇంకా వెచ్చగా ఉన్న బిళ్ల ఒకటి నా అరచేతిలో పెట్టి, నా ముఖం చూస్తూ నిలబడింది. "మా ఊళ్లోనూ ఇదే బెల్లం" అని బండి నడిపే అతని చేత చెప్పించాను. మీ ఊళ్లో ఇప్పుడు ఎవరు ఎక్కుతున్నారని అడిగింది. ముసలివాళ్లే ఎక్కుతున్నారని చెప్పాను. మా ఊళ్లోనూ అంతే, మా అబ్బాయి బట్టల ఫ్యాక్టరీలో చేరాడు అంది. నా మొత్తం ప్రయాణంలో ఏ శిల్పం దగ్గరా రెండు ఊళ్లు ఇంత దగ్గరగా కనిపించలేదు.

ఇక కంపాంగ్ థోమ్. అంగ్‌కోర్ పక్కనున్న పట్నం సియెమ్ రీప్ నుంచి ఫ్నోమ్ పెన్ పోయే 6వ నంబరు రహదారిలో ఇది నడిమి పట్నం. బస్సులు కాసేపు ఆగి వెళ్లిపోతాయి. దారిలో కంపాంగ్ క్డె దగ్గర పడగెత్తిన నాగుల పిట్టగోడలతో, 20కి పైగా తోరణాలతో అంగ్‌కోర్ కాలపు రాతివంతెన ఉంది. వాళ్ల డబ్బు 5,000 రియెల్ నోటు మీది బొమ్మ అదే. సాయంత్రం ఊరి పిల్లలు దాని మీద సైకిళ్లు తొక్కుతారు.

కంపాంగ్ థోమ్‌కు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో సంబోర్ ప్రే కుక్. 7వ శతాబ్దపు ఈశానపురం, ఈశానవర్మ రాజధాని. అంటే అంగ్‌కోర్ వాట్‌కు దాదాపు 500 ఏళ్ల ముందుది. అడవిలో ఇటుక గుళ్లు, వాటిలో కొన్ని ఎనిమిది పలకలవి. ఇటుక గోడ మీదే గాలిలో తేలే మేడలు చెక్కారు. చెట్ల మధ్య గుంటలు కనిపిస్తాయి. 1970ల మొదట్లో అమెరికా విమానాలు వేసిన బాంబుల గుంటలు అవి. 2017లో యునెస్కో జాబితాలో చేరినా, నేను తిరిగిన ఉదయమంతా ఎదురైనవాళ్లు పదిమంది లేరు.

ఆ రాత్రి దగ్గర్లోని పల్లెలో, స్తంభాల మీద కట్టిన చెక్క ఇంట్లో ఉన్నాను. ఇంటి పెద్దావిడ నన్ను చూడగానే వయసు అడిగింది. వయసు తెలిస్తే గానీ వాళ్లకు పిలుపు కుదరదు. తనకన్నా కాస్త పెద్దవాళ్లయితే 'బాంగ్', చిన్నవాళ్లయితే 'ఓన్', పిన్ని ఈడు వాళ్లయితే 'మీంగ్', అమ్మమ్మ ఈడు వాళ్లయితే 'యాయ్'. ముక్కూ ముఖం తెలియనివాణ్ణి కూడా వరస కలిపి పిలవాల్సిందే. పిలుపు తేలగానే రెండో ప్రశ్న, అన్నం తిన్నావా అని. పలకరింపుగా అందరూ అడిగే మాటే అది.

అన్నం, తూటికూర వెల్లుల్లి వేపుడు, చేపల పులుసు పెట్టింది. తింటుండగా ఆమె 'సమయ్ పొల్ పొత్' అంది. ఆ 'సమయ్' మన సమయమే. 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా పొల్ పొత్ నాయకత్వంలో నడిచిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలనను వాళ్లు అలాగే అంటారు. ఆ మూడేళ్ల ఎనిమిది నెలల్లో సుమారు 17 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆమెకు అప్పుడు పదిహేనేళ్లు. ఇంట్లో వండుకోవడం నిషేధం, అందరికీ ఒకేచోట గంజి, గిన్నెలో మెతుకులు లెక్కపెట్టవచ్చు అంటూ చేతిలోని గరిటె చూపించింది. తమ్ముళ్లు ఇద్దరు అని రెండు వేళ్లు ఎత్తి, దించేసింది. తర్వాత నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. వద్దనలేదు నేను.

ఆ నేలను మనుషులు లేని రాళ్లగుట్టగా చూసి వచ్చేవాళ్లంటే నాకు కోపం ఎందుకో ఇప్పుడైనా అర్థమవుతుందనుకుంటాను.

ఈ చూపు పర్యాటకులది మాత్రమే కాదు. అంగ్‌కోర్ పరిధి 400 చదరపు కిలోమీటర్లు, అందులో తరాలుగా ఊళ్లున్నాయి. 2022 నుంచి సుమారు 10,000 కుటుంబాలను రున్ తా ఏక్ వంటి కొత్త కాలనీలకు తరలించే పని సాగింది. కొత్తగా ఆక్రమించినవాళ్లే ఇష్టపడి వెళుతున్నారని ప్రభుత్వం అంటుంది. ఇవి బలవంతపు ఖాళీ చేయింపులని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో నివేదిక ఇచ్చింది. నా మటుకు నాకు, ఫోటోలోంచి మనిషిని చెరిపేయడానికీ దీనికీ పెద్ద దూరం కనిపించదు.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు చెప్పాలి. వాయవ్యాన బాంతే చ్మార్ ఉంది. 1998లో సైనికులే గోడను కోసి లారీల్లో తరలించుకుపోయిన గుడి అది. అందులో 117 రాళ్లు థాయ్‌లాండ్‌లో పట్టుబడి తిరిగొచ్చాయి. ఇప్పుడు ఆ ఊరివాళ్లే ఒక సంఘంగా ఏర్పడి ఇళ్లలో బస ఇస్తున్నారు, సొమ్ములో కొంత ఊరి పనులకు పోతుంది. థాయ్ సరిహద్దు దగ్గరే కాబట్టి, 2025లో జరిగిన కాల్పుల తర్వాత పరిస్థితి ఎలా ఉందో కనుక్కోనిదే ఆ వైపు వెళ్లకండి. మారుమూల అని చెప్పి కాలిబాట దిగి పొదల్లోకి పోకండి, ముఖ్యంగా ఆ సరిహద్దు జిల్లాల్లో. మందుపాతరలు ఇంకా ఉన్నాయి, ఎర్ర పలక మీద పుర్రె బొమ్మ కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. అనాథాశ్రమం చూపిస్తామంటే ససేమిరా వద్దనండి. అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని ఇంటినుంచి తెచ్చిపెట్టే పద్ధతిని మనం పోషించకూడదు. శాకాహారులు భయపడనక్కర్లేదు. అన్నం, తూటికూర, అరటి అంతటా దొరుకుతాయి, చేప సాస్ వేయొద్దని ముందే చెబితే చాలు.

ఆ దంపతులు వచ్చే ఏడాది మళ్లీ వెళతారట. నిన్న రాత్రి ఫోను చేసి దారి చెప్పాను. కంపాంగ్ థోమ్‌లో బస్సు దిగమన్నాను. అక్కడినుంచి పల్లెకు బండి మాట్లాడుకోమన్నాను. మెట్ల దగ్గర చెప్పులు విప్పి పైకి వెళ్లమన్నాను. వయసు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను.